వీలునామా లేని ఆస్తికి నిర్వాహకులు చేసే ప్రమాణం: సంతకానికి ముందు చూసుకోవలసినవి

వీలునామా రాయకుండా మరణించినవారి ఆస్తిని సమకూర్చి, అప్పులు తీర్చి, మిగిలినది వారసులకు పంచే బాధ్యతను కోర్టు ఒకరికి అప్పగిస్తూ ఇచ్చే అధికార పత్రాన్ని లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. హైదరాబాద్ వాసులు ఇందుకోసం భారత వారసత్వ చట్టం, 1925 కింద సిటీ సివిల్ కోర్టులో ఓ.పీ. (ఒరిజినల్ పిటిషన్) వేస్తారు. నిర్వాహకుడు బోనెక్కి పలికే ప్రమాణం ఏదో ఒకటి ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, మన దగ్గర ఆ ప్రమాణం పిటిషన్ చివరి ధ్రువీకరణలో, అఫిడవిట్‌లో, హామీలో, బాండులో విడివిడిగా ఉంటుంది. గుమాస్తా పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి వచ్చే అలవాటు మనది కనుక, తాము దేనికి మాట ఇచ్చారో తెలియకుండానే నిర్వాహకులైపోయేవారు తక్కువేమీ కాదు.

ముందుగా ఈ పత్రం మీకు అవసరమో కాదో న్యాయవాదిని అడగండి. హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఇది తప్పనిసరి కాదు. రావలసినవి బ్యాంకు డిపాజిట్లు, షేర్లు మాత్రమే అయితే సాధారణంగా వారసత్వ ధ్రువపత్రంతో (సక్సెషన్ సర్టిఫికెట్) పని జరుగుతుంది.

అవసరమే అయితే పిటిషన్‌లో ఆ చట్టంలోని 278వ సెక్షన్ కోరే వివరాలన్నీ ఉండాలి: మరణించిన తేదీ, స్థలం, కుటుంబసభ్యులు, బంధువులు, వారి నివాసాలు, మీకున్న హక్కు, మీ చేతికి రాగల ఆస్తి విలువ. వీటి కిందనే ‘నాకున్న సమాచారం, నమ్మకం మేరకు ఇవి నిజం’ అని మీరు ధ్రువీకరిస్తారు. ఆ మాట చూసి, తప్పు రాసినా తప్పించుకోవచ్చని అనుకోకండి. అబద్ధమని తెలిసి రాసినా, అబద్ధమని నమ్ముతూ రాసినా 282వ సెక్షన్ ప్రకారం అది తప్పుడు సాక్ష్యంతో సమానమైన నేరం.

ఎక్కువ పొరపాట్లు దొర్లేది వారసుల జాబితాలోనే. హిందూ పురుషుడు మరణించినప్పుడు భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు అతని తల్లి కూడా మొదటి తరగతి వారసురాలు. ఊళ్లో ఉంటున్న ఆ ముసలమ్మ పేరును మరిచిపోయే కుటుంబాలు ఉన్నాయి. ‘అమ్మాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్నది ఆమె పేరు వదిలేయడానికి కారణం కాదు. ఆ వాదన ఉంటే కోర్టు ముందు పెట్టాలే తప్ప, జాబితాలో మౌనంగా దాచకూడదు. ముస్లిం కుటుంబమైతే భార్యకు చెల్లించని మెహర్ (పెళ్లి ఒప్పందంలో భర్త భార్యకు ఇస్తానన్న సొమ్ము) మరణించినవారి అప్పు కిందకే వస్తుంది కనుక, అప్పుల్లో దాన్ని చూపాలి.

‘వీలునామా లేదు’ అనే వాక్యం రాసే ముందు బీరువా, బ్యాంకు లాకరు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చూడండి. ఎక్కడెక్కడ వెతికారో కూడా రాయడం మంచిది. తర్వాత వీలునామా బయటపడితే 263వ సెక్షన్ కింద మీకిచ్చిన అధికారాన్ని రద్దు చేయవచ్చు.

అఫిడవిట్‌ను నోటరీ ఎదుటగానీ, ప్రమాణం చేయించే అధికారం ఉన్న మరో అధికారి ఎదుటగానీ సంతకం చేయాలి. ఇంట్లో సంతకం చేసి కాగితం పంపడం ప్రమాణం కాదు. దేవుని పేర ప్రమాణం చేయడం ఇష్టం లేనివారు 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం గంభీరంగా ధ్రువీకరించవచ్చు, రెండింటికీ విలువ ఒకటే. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉండి మీకు ఆ భాష రాకపోతే, తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించమని పట్టుబట్టి, అలా వినిపించినట్లు కిందన రాయించండి. జడ్జి అవసరమనుకుంటే మిమ్మల్ని స్వయంగా ప్రమాణం చేయించి ప్రశ్నించవచ్చు కనుక, కాగితంలో ఏముందో మీకు నోటికి రావాలి.

మరణించిన నాటి నుంచి పూర్తిగా 14 రోజులు గడవకుండా ఈ పత్రం మంజూరు కాదు. మంజూరయ్యేటప్పుడు ఆస్తిని సక్రమంగా నిర్వహిస్తానని హామీదారులతో బాండు ఇవ్వాలి. పత్రంలోనే మరో మాట ఉంటుంది: 6 నెలల్లో ఆస్తులు, అప్పుల పూర్తి జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు సమర్పిస్తానని. పిటిషన్‌లో, అఫిడవిట్‌లో చేసిన ప్రమాణాలు ఆ రోజుతో ముగుస్తాయి, ఇది మాత్రం ఆ రోజే మొదలవుతుంది. గడువు చాలదనిపిస్తే అది దాటకముందే పొడిగింపు అడగండి. ఇల్లుగానీ స్థలంగానీ అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, 5 ఏళ్లకు మించి లీజుకివ్వాలన్నా కోర్టు ముందస్తు అనుమతి కావాలి.

లెక్కల పుస్తకాన్ని అంత్యక్రియల రోజు నుంచే మొదలుపెట్టండి. తగిన మేరకు అంత్యక్రియల ఖర్చులు, చివరి జబ్బుకైన వైద్య ఖర్చులు అన్ని అప్పుల కంటే ముందు తీర్చవలసినవి. శ్మశానం రసీదు, ఆస్పత్రి బిల్లులు ఆ పుస్తకంలో మొదటి పేజీకే కుట్టుకోండి.