పెద్దయ్యాక బ్రెయిలీ: చుక్కలు వేలికి అందకపోతే

చూపు పోయాక బ్రెయిలీ మొదలుపెట్టినవాళ్లు చాలామంది "నా వేళ్లు మొద్దుబారిపోయాయి" అని మధ్యలో వదిలేస్తారు. అక్కడ ఆగిపోకండి. ఎక్కువసార్లు తప్పు వేలిది కాదు, వేలిని వాడే తీరుది.

చుక్కలన్నీ కలిసిపోయి ఒకటే గరుకుగా తగులుతున్నాయి

గట్టిగా నొక్కుతున్నారన్నమాట. చుక్క ఎత్తు సుమారు 0.5 మి.మీ., రెండు చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మి.మీ. నొక్కితే ఆ తేడా తెలియదు. వేలు ఒకేచోట ఆపినా కాసేపటికి స్పర్శ మందగిస్తుంది. వేలి చివరి మెత్తటి భాగాన్ని కాగితానికి తాకీ తాకనట్టు ఉంచి, ఎడమ నుంచి కుడికి ఆగకుండా జరపండి. అక్షరం దొరకలేదని పైకీ కిందికీ రుద్దొద్దు.

షుగర్ వల్ల చూపు పోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వేళ్లలో నిజంగానే తిమ్మిరి ఉండొచ్చు. డాక్టర్‌కు చెప్పండి. రెండు చేతుల్లో ప్రతి వేలితోనూ ప్రయత్నించి బాగా తెలిసే వేలిని ఎంచుకోండి. చుక్కలు పెద్దవిగా, దూరంగా ఉండే జంబో బ్రెయిలీ కూడా ఉంది.

'ఇ', 'ఏ' తారుమారవుతున్నాయి

ఒక్కో అక్షరం ఆరు చుక్కలు పట్టే గడిలో ఉంటుంది: ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3, కుడివైపు 4, 5, 6. 'ఇ'కి 2, 4 చుక్కలు. 'ఏ'కి 1, 5. ఒకటి అద్దంలో రెండోదిలా ఉంటుంది. చుక్కలు లెక్కపెట్టకండి, వాలు పట్టుకోండి: 'ఇ' కుడివైపుకి ఎక్కుతుంది, 'ఏ' దిగుతుంది. ముందు ఒకటి స్థిరపడ్డాకే రెండోది నేర్చుకోండి. ద, జ, హలతోనూ ఇదే చిక్కు, ఇదే దారి.

అక్షరాలు వచ్చు, మాట మాత్రం రావట్లేదు

తెలుగు చదువుకున్న పెద్దవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. మనసు ఇంకా అచ్చు అక్షరాన్నే వెతుకుతుంది: క మీద గుడి, మ కింద వత్తు. బ్రెయిలీలో అక్షరం పైనా కిందా గుర్తులేమీ ఉండవు, అన్నీ వరసలోనే వస్తాయి. 'కి' అంటే క, దాని పక్కన ఇ. 'అమ్మ' అంటే నాలుగు గడులు: అ, పొల్లు, మ, మ. పొల్లు అంటే ఒక్క 4వ చుక్క. అది హల్లు తర్వాత కాదు, ముందే వస్తుంది. అందుకే తికమక. మాట మధ్యలో గడి పైభాగంలో ఒంటరి చుక్క తగిలితే దాదాపు ఎప్పుడూ పొల్లే అనుకోండి. తర్వాతి హల్లును సగం పలికి ముందుకెళ్లండి. అక్క, పప్పు, అన్నం లాంటి మాటలే పదేపదే చదవండి. మనసులో అచ్చు బొమ్మ గీయొద్దు, పైకి పలకండి.

స్లేటు మీద రాసింది తిరగబడుతోంది

స్లేటు అంటే కాగితం బిగించే గడుల పలక. స్టైలస్ అనే మొనదేలిన పరికరంతో కాగితం వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి. రాసేటప్పుడు 1, 2, 3 చుక్కలు కుడివైపు ఉంటాయి.

పేజీ చదివేసరికి ఓపిక అయిపోతోంది

అయితే ఇప్పుడే పేజీ జోలికి వెళ్లకండి. వంటింటి డబ్బాలకు, మందుల సీసాలకు లేబుళ్లు అంటించుకుని, అవసరమైనప్పుడల్లా వేలితో చదవండి. తర్వాత చిన్న పేరాలు. లైను తప్పిపోతుంటే కుడిచేయి చదువుతుండగానే ఎడమచేతిని తర్వాతి లైను మొదట్లో ఉంచండి.