వీకెండ్ పార్టీలో అంకుల్‌కి సిస్టమిక్ రేసిజం చెప్పడం ఎలా

అమెరికాలో మనవాళ్ళ ప్రతి పాట్‌లక్‌లో ఒక అంకుల్ ఉంటారు, బిర్యానీ ప్లేట్ పట్టుకుని "మేం రెండు సూట్‌కేసులతో దిగాం, కష్టపడి ఇంతవాళ్ళమయ్యాం, మరి ఈ నల్లవాళ్ళకేం రోగమండీ" అంటారు. సిస్టమిక్ రేసిజం అంటే ఎవరో తిట్టడం కాదు, చట్టాలూ పద్ధతులూ తమంతట తామే ఒక జాతిని వెనక్కి నెట్టడం అని నేను చాలాసార్లు వాదించి గొంతు పోగొట్టుకున్నా, ఇప్పుడు ఇలా చేస్తున్నా.

ముందు రేసిజం అన్న మాటే ఎత్తకండి. ఆ మాట వినగానే ఎవడో ఎవడ్నో తిట్టడమే గుర్తొస్తుంది, నేనెవర్నీ అన్లేదే అంటారు, అయిపోయింది కథ. ఇళ్ళ గురించి మొదలెట్టండి, ఆ టాపిక్ అయితే మనవాళ్ళు రాత్రి రెండింటిదాకా కూర్చుంటారు.

ఫోన్‌లో రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళ మ్యాపింగ్ ఇనీక్వాలిటీ సైట్ తెరిచి, దగ్గర్లోని పెద్ద సిటీ పాత మ్యాపు చూపించండి. 1930ల్లో గవర్నమెంటే 200కి పైగా సిటీలకి ఇలా రంగులేసింది, మంచి ఏరియాకి పచ్చ, లోన్‌కి రిస్క్ అన్నదానికి ఎరుపు, నల్లవాళ్ళుండే పేటలు దాదాపు అన్నీ ఎరుపే. 1934లో పుట్టిన ఎఫ్‌హెచ్‌ఏ, అంటే ఇంటి లోన్లకి గ్యారంటీ ఇచ్చే గవర్నమెంట్ సంస్థ కూడా అలాంటి చోట్ల లోన్లకి గ్యారంటీ ఇవ్వలేదు సరికదా కొత్త సబర్బుల్లో తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకోమని తనే ఎంకరేజ్ చేసింది. ఇళ్ళ అమ్మకాల్లో ఇలా రంగు చూడకూడదన్న ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది 1968లో, అప్పటికి చవగ్గా ఇల్లు కొనుక్కునే టైమ్ దాటిపోయింది.

ఇక్కడ ఆగి, ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు ఆ పక్కన రెండెకరాలున్నవాడి పిల్లలూ లేనివాడి పిల్లలూ ఇవాళ ఎలా ఉన్నారని అడగండి. వెంటనే అర్థమవుతుంది, నిజంగా. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో సరిగ్గా మధ్యలో ఉన్న తెల్ల కుటుంబం ఆస్తి దాదాపు 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 45,000 దగ్గర.

తర్వాత స్కూల్ రేటింగు. మనం ఇల్లు కొనేముందు చూసేది అదేగా, ఆ స్కూళ్ళ డబ్బులో పెద్ద భాగం లోకల్ ప్రాపర్టీ ట్యాక్స్, ఇంటి రేటు తక్కువైతే ట్యాక్సూ తక్కువే, రేటింగ్ తక్కువైతే మనం కొనం, మనం కొనకపోతే రేటు పెరగదు. ఇందులో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు చూడండి, అయినా పని జరిగిపోతోంది. ఆయన్ని పట్టించుకునేలా చేయాల్సింది ఈ ఒక్క పాయింటే, మిగతావి మర్చిపోయినా పర్లేదు.

సూట్‌కేసుల సంగతి చివర్లో తియ్యండి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఆయన కేసులో అమెరికా సుప్రీం కోర్టు మన దేశం నుంచి వచ్చినవాళ్ళకి సిటిజన్‌షిప్ లేదంది, 1946లో చట్టం మారాక కూడా ఏడాదికి వందమందికే కోటా. తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం, అది నల్లవాళ్ళ ఉద్యమం ఊపులో వచ్చిందే. అదీ చదువుకున్నవాళ్ళని ఏరి తీసుకుంది, అంటే ఆ సూట్‌కేసులో డిగ్రీ కూడా ఉందండీ.

"ఇవన్నీ పాత కథలు" అంటే 2004లో వచ్చిన స్టడీ చెప్పండి. బోస్టన్, షికాగోల్లో 5,000 దాకా ఉత్తుత్తి రెజ్యూమేలు పంపితే, తెల్లవాళ్ళ పేర్లున్నవాటికి నల్లవాళ్ళ పేర్లున్నవాటికన్నా 50 శాతం ఎక్కువ కాల్స్ వచ్చాయి.

"మన దగ్గర మాత్రం లేదా" అని ఎవరో ఒకరు అంటారు, తప్పించుకోకండి, మీ ఊళ్ళో వాడ ఏ వైపుంది, నీళ్ళ ట్యాంకు ఏ వైపుంది అని అడిగి ఊరుకోండి. నేనలా అడిగినప్పుడు ఆ అంకుల్ కాసేపు ప్లేటు వైపే చూసి, పెరుగు తెచ్చుకుంటానని లేచెళ్ళారు.