ఇంటి చుట్టూ కందిరీగలు: గూడు పీకే ముందు అసలు సమస్య ఏమిటో చూడండి

కందిరీగలు కనబడితే చాలామంది ముందు గూడు ఎక్కడుందా అని వెతుకుతారు, ఆ వెంటనే దాన్ని ఎలా పీకాలా అని ఆలోచిస్తారు. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అవి ఏ రకం, ఎందుకు వస్తున్నాయి, వాటి దారి మన దారికి ఎక్కడ అడ్డం పడుతోంది? ఈ మూడూ తెలిస్తే చాలా ఇళ్లలో గూడు జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు.

కొన్ని దేశాల్లో చట్టం కూడా ఈ ఓపికనే కోరుతుంది. జర్మనీలో సరైన కారణం లేకుండా ఏ వన్యప్రాణినీ చంపకూడదు, అది కందిరీగ అయినా సరే. అక్కడి హార్నెట్ అనే పెద్ద కందిరీగకు 1987 నుంచి ప్రత్యేక రక్షణ ఉంది. దాని గూడు తీయాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా అధికారుల అనుమతి కావాలి. బ్రిటన్‌లో మామూలు కందిరీగలకు అలాంటి రక్షణ లేదు కానీ, కందిరీగలున్న అటకలోనే గబ్బిలాలు కూడా ఉంటే వాటికి ఉంది. అక్కడ మందు కొడితే చిక్కుల్లో పడతారు. కాబట్టి మీరుండే చోట నియమం ఏమిటో అటవీ శాఖనో, పర్యావరణ శాఖనో అడిగి తెలుసుకోండి. ఈ పని చేతికి మందు డబ్బా తీసుకునే ముందే జరగాలి.

ఇంతకీ అది ఏ గూడు?

చూరు కింద సన్నటి కాడకు తెరిచిన గొడుగులా వేలాడుతూ, కింద నుంచి చూస్తే ఆరు పలకల గదులు కనబడితే అది కాగితపు కందిరీగలది. చెక్కను గీరి, నమిలి, లాలాజలంతో కలిపి కట్టిన గూడు. పెయింటు వేయని పాత బల్ల మీదో తలుపు మీదో లేత రంగు గీతలు పడుతుంటే ఆ చెక్క తీసుకెళ్తున్నది ఇవే. దగ్గరగా నిలబడితే గీరుతున్న చప్పుడు కూడా సన్నగా వినబడుతుంది. చెక్కకు నష్టమేమీ లేదు, ఒక పూత పెయింటు వేస్తే మానేస్తాయి.

గూడు బంతిలా మూసుకుపోయి, లోపలికి ఒకటే దారి ఉంటే అది హార్నెట్ లాంటి పెద్ద గుంపు. దీని దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. మట్టితో కట్టినదైతే భయపడాల్సింది చాలా తక్కువ. మైనంతో కట్టి ఉంటే అవి అసలు కందిరీగలే కావు, తేనెటీగలు. తేనెపట్టు తీసేవాళ్లనే పిలవాలి.

తినడానికి కూర్చుంటే చాలు, పళ్లెం చుట్టూ తిరుగుతున్నాయి

ఎక్కువమందిని విసిగించేది ఇదే, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. గూడు పెరిగే రోజుల్లో ఎదిగిన కందిరీగలు పొద్దస్తమానం పురుగుల వేటలో ఉంటాయి. ఆ మాంసం వాటికోసం కాదు, గదుల్లో ఉన్న పిల్ల పురుగులకోసం. పిల్ల పురుగులు బదులుగా ఒక తియ్యటి ద్రవం ఇస్తాయి, ఎదిగినవి దాన్ని తాగుతాయి. చల్లటి దేశాల్లో వేసవి చివరికి గూట్లో పిల్లలు తగ్గిపోతాయి, ఆ తీపి ఆగిపోతుంది. అప్పుడు మన పళ్లరసం మీద, జామ్ మీద, మగ్గిన పండు మీద పడతాయి. నిన్నటిదాకా మీ మొక్కల ఆకులు తినే గొంగళి పురుగులను ఏరుకెళ్లినవే ఈరోజు మీ గ్లాసు మీద వాలుతున్నాయి.

అందుకని ఇక్కడ మార్చాల్సింది గూడును కాదు, బల్లను. తీపి పదార్థాల మీద మూత పెట్టండి. ఆరుబయట తాగేటప్పుడు స్ట్రా వాడండి, లేదా గ్లాసులోకి చూసి తాగండి. రంగు సీసాలు, డబ్బాలు మరీ ప్రమాదం, లోపల దూరింది కనబడదు. పిల్లల మూతీ చేతులూ తిన్న వెంటనే తుడవండి. చెత్తబుట్టకు గట్టి మూత, చెట్టు కింద రాలిన పండ్లు రోజూ ఏరివేయడం, ఈ రెండూ చేస్తేనే సగం రద్దీ తగ్గుతుంది.

ముఖం దగ్గరికి వస్తే ఊదకండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వాటికి శత్రువు వచ్చిన గుర్తు. చేతులు విసరకుండా మెల్లగా పక్కకు జరగండి. కొట్టి నలిపేయడం ఇంకా చెడ్డది. గుంపుగా బతికే చాలా రకాల్లో నలిగిన దాని విషం వాసనే మిగతావాటికి పిలుపవుతుంది, గూడు దగ్గర్లో ఉంటే మరీను.

తీపి నీళ్ల సీసా ఉచ్చులు పెట్టమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. అవి కందిరీగలను మరింత దగ్గరికి రప్పిస్తాయి, తేనెటీగలు, సీతాకోకచిలుకలు కూడా అందులోనే మునిగి చస్తాయి. రక్షణ ఉన్న జాతి పడితే నియమం తప్పిన వాళ్లమూ అవుతాం. ఉబ్బించిన కాగితపు సంచిని నకిలీ గూడులా వేలాడదీయడం మీద కూడా ఆశ పెట్టుకోకండి.

చూరు కింద, తలుపు పైన గూడు మొదలైంది

చల్లటి దేశాల్లో వసంతంలో ఒకే ఒక్క రాణి గూడు మొదలుపెడుతుంది. అప్పటికి దానికి సాయానికి ఎవరూ ఉండరు. మీ నియమాలు ఒప్పుకునే చోట, రాణి బయటికి వెళ్లిన సమయంలో ఆ గోలీకాయంత గూడును తీసేస్తే అది ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇంతకంటే తక్కువ నష్టంతో జరిగే పని లేదు. అందుకే ఆ రోజుల్లో వారానికోసారి చూరు మూలలు తలెత్తి చూడండి.

గూడు పెద్దదై కందిరీగలు మూగి ఉంటే చీపురు కర్ర జోలికి వెళ్లొద్దు. తేనెతుట్టెను కదిపినట్టే. మనుషులు తిరగని మూలైతే వదిలేయండి. చలి ముదిరేసరికి గూడు మొత్తం చచ్చిపోతుంది, కొత్త రాణులు మాత్రమే ఎక్కడో దాక్కుని చలికాలం గడుపుతాయి. పాత గూట్లోకి మళ్లీ రావు. వేడి ప్రాంతాల్లో మాత్రం ఈ లెక్క నమ్మకూడదు, కొన్ని రకాల గూళ్లు ఏడాది పొడవునా నడుస్తాయి.

గూడు నడిచే దారి పక్కనే ఉంటే దారి మళ్లించడం ఒక మంచి ఉపాయం. గూడు నోటికి కాస్త ఎడంగా, మనుషులు నడిచే వైపు, వెలుతురు పోని మందపాటి గుడ్డో పలకో నిలబెడితే అవి దాని మీదుగా ఎత్తులో ఎగరడం అలవాటు చేసుకుంటాయి. గూటి నోటికి ఎదురుగా నిలబడకండి, వాటి రాకపోకల దారి అదే.

గోడ పగుల్లోంచి లోపలికి దూరుతున్నాయి

ఇక్కడ అందరికీ తట్టే మొదటి ఆలోచన ఆ కన్నం మూసేయడం. అదొక్కటీ చేయకండి. గూడు గోడ లోపలో, అటకలోనో ఉంటుంది. దారి మూసుకుపోతే లోపలున్నవి ఇంకో దారి తొలుచుకుంటాయి, పైకప్పు పలకలను కూడా కొరికి నేరుగా పడకగదిలోకి దిగుతాయి. గూడు ఖాళీ అయ్యిందని ఖాయమయ్యాకే సిమెంటు పెట్టండి. వెంటిలేటర్లకు సన్న జాలీ కొట్టడం కూడా గూడు లేని సమయంలో చేసే పనే. జాలీ వెనక గబ్బిలమో పిట్టగూడో చిక్కుకుపోలేదని ఒకసారి చూసుకోండి.

గోడ మీద, కిటికీ మూలలో మట్టి గూళ్లు

ఒంటరిగా బతికే కందిరీగల పని. గుంపు లేదు కాబట్టి గూటికి కాపలా లేదు, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. గదిలో సాలీళ్లనో గొంగళి పురుగులనో కుట్టి, కదలకుండా చేసి పేరుస్తుంది, గుడ్డు పెడుతుంది, మట్టితో మూసేస్తుంది. కొన్నాళ్లకు అందులోంచి కందిరీగ బయటికొస్తుంది. పురుగు భ్రమరమైపోయిందని భ్రమర కీటక న్యాయం చెప్పేది ఈ దృశ్యం చూసే అయి ఉంటుందని నా నమ్మకం.

మట్టి మీద గుండ్రటి కన్నాలు కనబడితే లోపలివి వెళ్లిపోయాయని అర్థం, గీకి కడిగేయొచ్చు. కన్నాలు లేకపోతే కొన్నాళ్లు ఆగండి. తాళం కన్నం, సన్న గొట్టాల నోళ్లు మాత్రం ముందే కప్పి ఉంచండి, వాటిలో మట్టి నింపితే ఇబ్బందే.

రాత్రిపూట లైటు దగ్గరికి పెద్దవి వస్తున్నాయి

హార్నెట్లు చీకట్లో కూడా వేటాడతాయి, వెలుతురుకు లోపలికి వస్తాయి. వచ్చిన దానికి మీతో పని లేదు. గదిలో లైటు ఆర్పి, కిటికీ తెరిచి, బయట లైటు వేయండి. రోజూ జరుగుతుంటే కిటికీకి జాలీ, తెరలు చాలు.

ఐరోపాలో ఉండేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అక్కడ ముఖ్యంగా రెండు రకాల హార్నెట్లు కనబడతాయి, జర్మనీ లాంటి చోట వాటికి నియమాలు ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటాయి. పసుపు పొట్ట, గోధుమ ఎరుపు ఛాతీ ఉన్నది అక్కడిదే. దాదాపు నల్లగా ఉండి, కాళ్ల కొసలు పసుపు పచ్చగా, పొట్ట చివర్లో నారింజ పట్టీ ఉన్నది ఆసియా నుంచి వచ్చింది. 2004లో ఫ్రాన్స్‌లో కనబడి, తేనెటీగల పెట్టెల ముందు కాపు కాసి వేటాడుతూ పాకిపోయింది. యూరోపియన్ యూనియన్ 2016లో దాన్ని హానికర పరాయి జాతుల జాబితాలో చేర్చింది. అది కనబడితే ఫొటో తీసి అధికారులకు చెప్పాలి. ఈ రెంటికీ తేడా తెలియకుండా చంపితే రక్షణ ఉన్నదాన్నే పొట్టన పెట్టుకుంటాం.

పెరట్లో నేలలోంచి వస్తున్నాయి

కొన్ని రకాలు పాత ఎలుక బొరియల్లో గూడు పెడతాయి. గడ్డి కోసే యంత్రం అదురు వాటికి దాడి లాంటిదే. చుట్టూ నాలుగైదు మీటర్లు తాడు కట్టి, పిల్లలకూ కుక్కకూ అటు దారి మూసేయండి. కిరోసిన్, నిప్పు, మరిగే నీళ్లు ఏవీ వద్దు. నేల పాడవుతుంది, మనుషులు కాలతారు, కందిరీగలు మిగిలే ఉంటాయి.

తీయక తప్పనప్పుడు

చంటిపిల్లలు తిరిగే గుమ్మం, రోజూ వాడే మెట్లు, అలర్జీ ఉన్న మనిషి ఉన్న ఇల్లు. ఇవి న్యాయమైన కారణాలు. ఫొటోతో పాటు గూడు ఎంత ఎత్తులో, మనుషులకు ఎంత దూరంలో ఉందో రాసి అధికారులకు పంపండి. వచ్చే మనిషిని మొదట గూడు వేరే చోటికి మార్చగలరా అని అడగండి, చంపడం ఆఖరి మాట. నిచ్చెనెక్కి మీరే చేసే సాహసం మాత్రం వద్దు, కుట్టినప్పుడు పట్టు తప్పి పడడం కుట్టుకంటే పెద్ద ప్రమాదం.

కుడితే

కందిరీగ ముల్లు దాదాపు నున్నగా ఉంటుంది, అందుకే ఒకటే ఎన్నిసార్లయినా కుట్టగలదు. ముందు అక్కడి నుంచి దూరంగా వెళ్లండి. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేయండి. వేలి మీద కుడితే ఉంగరం వెంటనే తీసేయండి. అక్కడికక్కడ వాపు, మంట ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఊపిరి ఆడకపోవడం, గొంతు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవండి. నోట్లోనో గొంతులోనో కుట్టినా, చాలా చోట్ల కుట్టినా అంతే. డాక్టరు ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గరుంటే వెంటనే వాడాలి.

ఒకసారి అలా జరిగినవాళ్లు అలర్జీ డాక్టరును కలిస్తే, విషాన్ని కొద్ది కొద్దిగా అలవాటు చేసే ఇంజెక్షన్ల చికిత్స ఉంది, చాలామందికి బాగా పనిచేస్తుంది. గూడు తీయడానికి అనుమతి అడిగేటప్పుడు ఆ డాక్టరు చీటీ కూడా దరఖాస్తుకు జతచేయండి.