టాలీ ప్రైమ్‌ను పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చడం ఎలా?

కొత్త కంప్యూటర్ రాగానే చాలా షాపుల్లో చేసే మొదటి పని, పాతదాన్ని ఫార్మాట్ కొట్టి ఇంట్లో పిల్లలకు ఇచ్చేయడం. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నడిచిన సిస్టమ్ అయితే అది ఆఖరున చేయాల్సిన పని. ఇంకొందరు ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్తదాంట్లో పేస్ట్ చేస్తారు. టాలీ తెరుచుకుంటుంది, లైసెన్స్ మాత్రం రాదు. అది పాత కంప్యూటర్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది మరి.

20వ తేదీ దాటాక, నెలాఖరులోపు వచ్చే ఆదివారం పెట్టుకోండి. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20న 3బి (పన్ను కట్టే రిటర్న్) నెత్తిన ఉండగా ఈ పనికి దిగకూడదు. ఒక పెన్‌డ్రైవ్, రెండు సిస్టమ్‌లకూ నెట్, ఒక తెల్లకాగితం చాలు.

ముందు పాతదాంట్లో ఎఫ్1 నొక్కి, అబౌట్‌లో రిలీజ్ (వెర్షన్) నంబర్ చూసి రాసుకోండి. కొత్తదాంట్లో అదే రిలీజ్ వేయండి. “ఎలాగూ మారుస్తున్నాం కదా, లేటెస్ట్ వేసేద్దాం” అనే ఉత్సాహం వద్దు. టీఎస్‌ఎస్ (అప్‌డేట్‌ల కోసం కట్టే టాలీ చందా) గడువు అయిపోయి ఉంటే, ఆ తర్వాత వచ్చిన రిలీజ్‌కు మీ లైసెన్స్ పనిచేయదు. పైగా 3.0 కంటే ముందు రిలీజ్‌లో ఉన్న డేటాను కొత్త రిలీజ్‌లో తెరిస్తే మైగ్రేట్ అవుతుంది, మళ్లీ పాతదాంట్లో తెరుచుకోదు. అప్‌గ్రేడ్ సంగతి ఇంకో రోజు చూసుకోవచ్చు. ఒకే రోజు రెండు మార్పులు చేస్తే తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోలేరు.

తర్వాత ఆల్ట్+జి నొక్కి స్టాటిస్టిక్స్ రిపోర్ట్ తెరవండి. సేల్స్, పర్చేజ్, రిసీట్, పేమెంట్ ఒక్కోటి ఎన్ని వోచర్లున్నాయో చూపిస్తుంది. ప్రింట్ తీయండి. ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, చివరి సేల్స్ బిల్లు నంబర్ కూడా ఆ కాగితం మీదే రాయండి. దీన్ని దాటేసినవాళ్లకే మార్చిలో స్టాక్ కలవదు.

డేటా ఎక్కడుందో ఎఫ్1, సెట్టింగ్స్, డేటా కాన్ఫిగరేషన్‌లో కనిపిస్తుంది. టాలీని పూర్తిగా మూసి ఆ ఫోల్డర్ కాపీ చేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే ఫైళ్లు సగంసగం వస్తాయి. ఆల్ట్+వైలో బ్యాకప్ కూడా తీయండి, ఒకటి చెడితే రెండోది ఉంటుంది. కొత్తదాంట్లో డేటా డి డ్రైవ్‌లోనే ఉండాలి. విండోస్ పాడై సి డ్రైవ్ ఫార్మాట్ చేయాల్సి వచ్చినా లెక్కలు మిగులుతాయి. డెస్క్‌టాప్ మీద, వన్‌డ్రైవ్‌లో అసలు పెట్టకండి. సింక్ ఫైళ్లను పట్టుకుని ఉండగా టాలీ రాయబోతే డేటా చెడిపోతుంది.

ఇక లైసెన్స్. పని చెడేది ఇక్కడే.

సరెండర్ (పాత సిస్టమ్ నుంచి లైసెన్స్‌ను వదిలించడం) నొక్కడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ లైసెన్స్ అడ్మిన్ ఈ-మెయిల్ ఎవరిది? చాలా షాపుల్లో అది ఓనర్‌ది కాదు. ఎప్పుడో మానేసిన అకౌంటెంట్‌దో, టాలీ అమ్మిన పార్ట్‌నర్ (డీలర్)దో అయి ఉంటుంది. కొత్త సిస్టమ్‌లో అన్‌లాక్ కీ అడిగినప్పుడు అది ఆ మెయిల్‌కే పోతుంది. తాళం మీ ఇంటిది, చెవి పక్కూళ్లో ఉన్నట్టు. కాబట్టి ఆ మెయిల్ ఇప్పుడే, మీ చేతిలోని ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అక్కడితో ఆగిపోండి. సీరియల్ నంబర్ చెప్పి పార్ట్‌నర్ ద్వారా అడ్మిన్ మెయిల్ మార్పించుకున్నాకే ముందుకు వెళ్లండి. “పాస్‌వర్డ్ గుర్తుంది, చాలు” అనుకోవద్దు, మెయిల్ ఇన్‌బాక్స్ కూడా తెరుచుకోవాలి.

అది తేలాక పాతదాంట్లో ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్, సరెండర్. నెట్ ఉండాలి. సరెండర్ అయ్యాక పాత టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్తుంది, కంగారు పడకండి. లెక్కలు కనిపిస్తూనే ఉంటాయి, ఎంట్రీలు మాత్రం 1, 2, 31 తేదీలకే తీసుకుంటుంది. కొత్తదాంట్లో రీయాక్టివేట్ ఎంచుకుని, అదే మెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చి, వచ్చిన అన్‌లాక్ కీ కొట్టండి. అక్కడ కూడా 15వ తేదీ వోచర్ తీసుకోవడం లేదంటే లైసెన్స్ ఇంకా రాలేదని అర్థం.

పాతది అసలు ఆన్ కాకుండా పోతే సరెండర్ దారి మూసుకున్నట్టే. అప్పుడు టాలీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి లైసెన్స్ రీసెట్ చేయాలి. దానికీ ఆ అడ్మిన్ మెయిలే కావాలి. టాలీవాల్ట్ (కంపెనీ డేటాకు వేసే తాళం) పాస్‌వర్డ్ పెట్టుకున్న కంపెనీలు ఉంటే అది కూడా ముందే సరిచూసుకోండి. మరిచిపోతే ఎవరూ తెరవలేరు.

ఇప్పుడు కంపెనీ తెరిచి, స్టాటిస్టిక్స్‌ను కాగితంతో పోల్చండి. ఒక్క వోచర్ తేడా వచ్చినా ముందుకు కదలొద్దు, టాలీ మూసి ఫోల్డర్ మళ్లీ తెచ్చుకోండి.

బిల్లు మీద లోగో, రెండు కాలమ్‌ల హెచ్‌ఎస్‌ఎన్ లాంటి మార్పులు పోయాయంటే టీడీఎల్ ఫైలు (టాలీకి అదనంగా చేయించుకున్న మార్పుల ఫైలు) రాలేదన్నమాట. పాతదాంట్లోంచి ఆ ఫైలు తెచ్చి, ఎఫ్1లో టీడీఎల్ అండ్ యాడ్ ఆన్‌లోకి వెళ్లి, ఎఫ్4 నొక్కి దారి చూపించండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కు ముందు దాని డ్రైవర్, తర్వాత జీఎస్టీ పోర్టల్ ఇచ్చే ఎమ్‌సైనర్ (సంతకం పెట్టించే చిన్న సాఫ్ట్‌వేర్) వేయండి.

పాత సిస్టమ్‌లో డేటా ఫోల్డర్ పేరు “పాతది_వాడొద్దు” అని మార్చేయండి. లేకపోతే సోమవారం పొద్దున ఎవరో అలవాటుకొద్దీ అందులోనే 1వ తేదీ వేసి బిల్లు కొడతారు, అది కొత్తదాంట్లో ఉండదు. ఫార్మాట్ మాత్రం కొత్తదాంట్లోంచి ఒక జీఎస్టీఆర్-1 వేశాకే.