కథ రాద్దాం, 7వ పాఠం: హీరో కుర్చీలో హీరో కానివాడు

పోయిన పాఠంలో సంభాషణ గురించి చెప్పుకున్నాం. ఇద్దరు మాట్లాడుకుంటుంటే చాటుగా వినే మూడోవాడికి ఏం అర్థమవుతుందో ఒక పేజీ రాయమన్నాను. రాసి ఉంటే ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో పని ఉంది. రాయలేదా, ఫరవాలేదు.

ఈసారి యాంటీహీరో. తెలుగులో దీనికి అందరూ ఒప్పుకున్న మాట లేదు. ప్రతినాయకుడు అంటే విలన్. రావణుడు, దుర్యోధనుడు ఆ కోవ. వాళ్ళు నాయకుడికి ఎదురుగా నిలబడతారు. యాంటీహీరో అలా కాదు, ఏకంగా నాయకుడి కుర్చీలోనే కూచుంటాడు. కథ వాడిదే, మనం నడిచేదీ వాడి వెనకే. ఆ కుర్చీకి తగిన గుణాలే వాడి దగ్గర ఉండవు.

మన ఆలంకారికులు, అంటే కావ్యాలకి లక్షణాలు రాసిన పాతకాలం పండితులు, నాయకుల్ని నాలుగు రకాలు చేశారు: ధీరోదాత్తుడు (గంభీరుడు), ధీరోద్ధతుడు (కోపిష్టి), ధీరలలితుడు (విలాసపురుషుడు), ధీరశాంతుడు (నెమ్మదస్తుడు). రాముడు మొదటి రకం, సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో చారుదత్తుడు చివరి రకం. నాలుగింటికీ ముందు ‘ధీర’ ఉంది చూడండి. కోపిష్టి కావచ్చు, విలాసపురుషుడు కావచ్చు, లోపల మాత్రం ఒక గట్టి మేకు దిగి ఉండాలి. యాంటీహీరోని తయారుచెయ్యడమంటే ఆ మేకు పీకెయ్యడం. కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. హీరో చేత సిగరెట్ తాగించి, నలుగుర్ని తన్నించి యాంటీహీరో అంటారు. వాడు భయపడడు, మాట తప్పడు, చివరికి గెలుస్తాడు. వాడు గడ్డం పెంచుకున్న హీరో, అంతే.

మేకు లేని మనిషిని చూడాలంటే గురజాడ నాటకంలోని గిరీశం దగ్గరికి వెళ్ళాలి. కన్యాశుల్కం 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండోదే. ఇంట్లో ప్రతి ఉంటే మొదటి రంగం తెరిచి పక్కన పెట్టుకోండి.

తెర లేవగానే గిరీశం ఒక్కడే ఉంటాడు. పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొనిపెడతానని డబ్బు పట్టుకెళ్ళి, దాన్ని వేశ్య మధురవాణి మీద తగలేసిన సంగతి తనంతట తనే మనకి చెప్పేస్తాడు. ఇక ఊళ్ళో ఉంటే పరువు దక్కదు, ఎటైనా జారుకోవాలి. గమనించాల్సింది ఏమిటంటే, ఈ రహస్యం వాడి నోటితోనే మనకి తెలిసిపోయింది. పక్కింటివాడు చెబితే అది చాడీ అయ్యేది, పోలీసు చెబితే నేరం అయ్యేది. వాడే చెప్పాడు కాబట్టి మనం వాడి జట్టులో కలిసిపోయాం. తర్వాత వాడు ఎవరి దగ్గర బుకాయించినా మనకి లోపల నవ్వొస్తుంది, దొరికిపోతాడేమో అని కొంచెం టెన్షన్ కూడా పడతాం. ఎందుకు పడాలి? వాడు మనకేమవుతాడని? చనువు అలాంటిది. పాఠకుడికి యాంటీహీరో మీద ఇష్టం పుట్టించక్కర్లేదు. ఈ చనువు కుదిరితే చాలు.

అయితే చనువు ఎక్కువైతే వాడు మనల్నీ బుట్టలో వేస్తాడు. గురజాడ అందుకు విరుగుడు కూడా అదే రంగంలో పెట్టారు. శిష్యుడు వెంకటేశం వస్తాడు. మీ వల్ల నాకు వచ్చిందల్లా చుట్ట కాల్చడం ఒక్కటే అనేస్తాడు, ఆ తర్వాత నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్ అని గురువుగారు ఎన్ని కోతలు కోసినా లాభం లేదు. కుర్రాడు ఒక్క వాక్యంతో గాలి తీసేశాడు. పైగా తీసింది చిన్నవాడు. అదే మాట ఏ పెద్దమనిషి చేతో అనిపించి ఉంటే ఉపన్యాసం అయ్యేది. మీ కథలోనూ ఇలాంటి ఒక సూది ఉండాలి, అది చిన్నవాళ్ళ చేతిలో ఉంటేనే బాగా దిగుతుంది.

ఇంకోటి, పక్కన ఎవర్ని నిలబెట్టారో చూడండి. కూతుర్ని డబ్బుకి కట్టబెట్టే అగ్నిహోత్రావధాన్లు, ముసలితనంలో పెళ్ళికి సిద్ధపడే లుబ్ధావధాన్లు, అందరి మధ్యా తగువులు నడిపే రామప్పపంతులు. వీళ్ళంతా ఊళ్ళో పరువున్నవాళ్ళే. వీళ్ళ పక్కన గిరీశం అబద్ధాలు కాస్త తేలిగ్గా తూగుతాయి. అలా తూచేది మనమే. రచయిత తక్కెడ అక్కడ పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

సరిహద్దు దాటి ఒక్క ఉదాహరణ. దొస్తోయెవ్‌స్కీ 1864లో రాసిన చిన్న నవలలో పీటర్స్‌బర్గ్ మాజీ గుమాస్తా ఒకడు తన కథ చెప్పుకుంటాడు. నవలకి హీరో కావాలి, ఇక్కడ చూస్తే యాంటీహీరో లక్షణాలన్నీ పనిగట్టుకుని పోగేసినట్టున్నాయని చివర్లో తనే అంటాడు. గిరీశం బయటివాళ్ళని మోసం చేస్తాడు, వీడు తనని తానే కొరుక్కు తింటాడు. మాట ఇద్దరికీ ఆయుధమే. మీ మనిషి ఏ రకమో రాయకముందే తేల్చుకోండి, రెండూ కలిపితే పలచబడతాడు.

ఇక మనం రాద్దాం. వినాయక చవితికి వీధిలో చందాలు వసూలు చేసే రమణ రెండువేలు సొంతానికి వాడుకున్నాడు. మొదటిసారి ఎవరైనా ఇలా రాస్తారు: ‘రమణ దేవుడి సొమ్ముకి కూడా వెనకాడని మనిషి.’ తీర్పు వచ్చేసింది, ఇంక పాఠకుడికి పనేముంది? రెండోసారి జాలి తెస్తారు: ‘తల్లి మందులకి వేరే దారి లేక...’ ఇది మరీ ప్రమాదం. తల్లి మందులకైతే రమణ యాంటీహీరో కాడు, కష్టాల్లో ఉన్న హీరో. చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్, తాగుబోతు తండ్రి, చిరిగిన చొక్కా, ఈ సరుకు నాకు బొత్తిగా పడదు. మూడోది చూడండి:

‘నాలుగు అంతస్తులు, లిఫ్ట్ లేదు. మూడో అంతస్తాయన రేపు రమ్మని మూడుసార్లు తిప్పించాడు. చెప్పు తెగింది. కొత్త చెప్పులకి కమిటీ ఇస్తుందా? ఇవ్వదు. రమణ రెండువేలు విడిగా మడిచి పై జేబులో పెట్టుకున్నాడు. లడ్డూ వేలంలో ఎలాగూ బాగా వస్తుంది, అప్పుడు సర్దేయొచ్చు. కిందికి దిగేసరికి చందా డబ్బుల్లోంచి పది తీసి టీ తాగుతున్నాడు చిన్నా. రమణ వాడి చెంప మీద ఒకటి ఇచ్చాడు. దేవుడి డబ్బురా, కళ్ళు పోతాయి అన్నాడు.’

చెప్పులకి రెండువేలు అక్కర్లేదని రమణకీ తెలుసు. ఆ లెక్క కథలో ఎక్కడా చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చెంపదెబ్బ కొట్టేటప్పుడు వాడు నటించడం లేదు, నిజంగానే కోపం వచ్చింది. అక్కడ నాకు రమణ దొరికాడు.

ముగింపు గురించి ఒక మాట. నా మొదటి కథల్లో ఒకదానిలో ఇలాంటివాణ్ణే పెట్టి, చివర్లో అమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చేలా చేశాను. చదివిన సంపాదకుడు ఆఖరి పేరా మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి పంపాడు. చాలా కాలం ఆయన మీద కోపంగా ఉండేది. గిరీశం ముగింపు చదివాక పోయింది. వకీలు సౌజన్యారావు పంతులు ముందు అన్నీ బయటపడ్డాక, పెళ్ళాడదామని లేవదీసుకొచ్చిన వితంతువు బుచ్చమ్మ చేజారిపోయాక కూడా గిరీశం మారడు. ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అంటాడు. పశ్చాత్తాపం లేదు, ఎత్తు పారలేదన్న విసుగే. అంత ఓడిపోయినా వాడు వాడిలాగే ఉన్నాడు.

ఈ వారం పని. పోయిన పాఠం కాగితం తీయండి. చాటుగా విన్న ఆ మూడోవాడు, విన్నదాన్ని తన లాభానికి వాడుకుంటాడు. ఎలా వాడుకున్నాడో ఒక పేజీలో రాయండి. వాడి మాటల్లోనే, ‘నేను’ అని. క్షమాపణ వద్దు, బాల్యం వద్దు. పేజీలో ఎక్కడో ఒకచోట వాడు ఇంకొకరి తప్పుకి నిజంగా కోప్పడాలి. రాశాక మర్నాడు పొద్దున గట్టిగా చదవండి. వాడు మిమ్మల్ని ఒప్పించడానికి తంటాలు పడుతున్నట్టు వినిపించిన వాక్యాల కింద గీత గీయండి. వచ్చే పాఠంలో ఆ గీతలతోనే మొదలుపెడతాం.