సారండాలో ఖనిజ రవాణా మార్గం వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఝార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలో, గుగ్గిలం చెట్లతో నిండిన సారండా అడవి గుండా ఇనుప ఖనిజం తరలించడానికి రోడ్డు గానీ రైలు మార్గం గానీ వేసే ముందు, ఏనుగులు ఏ కాలంలో ఎక్కడ దాటుతాయో కనీసం ఏడాది పాటు, వానాకాలంతో సహా గమనించి పటంలో గుర్తించాలి. అక్కడి హో గిరిజనులను అడగకుండా ఆ పటం పూర్తయిందనుకోవడం పొరపాటు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది గట్ల వాలు. కొండను నిలువుగా తొలిచి పట్టాలు వేస్తే, రైలు వచ్చే వేళకు పెద్ద ఏనుగు ఎలాగో పైకి చేరుకున్నా, గున్న ఆ మట్టిగోడను ఎక్కబోయి, కాళ్లు జారి, మళ్లీ పట్టాల మీదికే వస్తుంది. తల్లి దాన్ని వదిలి వెళ్లదు. కాబట్టి దాటే చోట్ల గట్లను రెండు వైపులా ఏటవాలుగా చెక్కాలి, అది వీలుకాని చోట మార్గాన్నే మళ్లించాలి.

లారీల బదులు కన్వేయర్ బెల్టు వేయడం మేలే కానీ, నేలకు ఆనుకొని సాగే బెల్టు జంతువులకు అడ్డుగోడతో సమానం కనుక, ఏనుగుల దారుల్లో దాన్ని ఎత్తైన స్తంభాలపై నిలపాలి. ఎర్రదుమ్ము ఆకుల మీద పేరుకోకుండా లారీలకు టార్పాలిన్ కప్పాలి. రాత్రి రవాణా ఆపాలి.