లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యబోయే ముందు: మాజీ సైనికులు, వాళ్ల ఇంటివాళ్లకు

లైఫ్ సర్టిఫికెట్ అంటే పింఛనుదారు బతికే ఉన్నడని ఏటా ఇచ్చే రుజువు. చాలామందికి గడువు నవంబరే. పత్తి ఏరుడు, వరికోతల నడుమ మరిచిపోతే పింఛను ఆగుతది.

• పీపీఓ (పింఛను మంజూరు కాగితం) నంబర్, ఆధార్, ఓటీపీ వచ్చే ఫోన్ వెంట ఉండాలె. ఆ సిమ్ము హైదరాబాద్‌ల కొడుకు దగ్గరుంటే ఓటీపీ అక్కడికే పోతది.

• అసలు తిప్పలు ఇక్కడ. స్పర్శ్ అంటే రక్షణ శాఖ నేరుగా పింఛను ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి. దాంట్లకు మారినోళ్లు, పింఛను ఇచ్చే సంస్థ అని అడిగినకాడ బ్యాంకు పేరు పెట్టొద్దు. పైసలు పడేది బ్యాంకులనే గానీ ఇచ్చేది స్పర్శ్. జాబితాల స్పర్శ్ అని ఉన్నదే నొక్కాలె. సెంటర్‌లో పిల్లగాడు తొందరల బ్యాంకు నొక్కుతడు. పక్కనే నిలబడి చూడుండ్రి.

• నాట్లేసి, కలుపు తీసి వేళ్లు అరిగినోళ్లకు వేలిముద్ర పడక సతాయిస్తది. ఫోన్‌కు ముఖం చూపి ఇచ్చే పద్ధతి ఉన్నది, అదడుగుండ్రి.

• ఫ్యామిలీ పింఛను తీసుకునే అమ్మలూ, పీపీఓలో పోచమ్మ, ఆధార్‌లో పోశమ్మ అని ఉన్నదేమో ఇంట్లనే చూసుకోండి. తేడా ఉంటే హనుమకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలె. మధ్యవర్తికి పైసలియ్యొద్దు.

• ఫోన్‌ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు. ఎవరైనా సరే.

ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ తయారైనట్టు వచ్చే నంబర్) వచ్చిందాకా కుర్చీ దిగొద్దు. నాలుగు రోజులాగి స్పర్శ్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి.